తొట్టిలో నాలుగు వందల యేండ్లు



మన భాషలో “కూకటివేళ్లతో పెకలించుట” యనినచో సర్వనాశనమని యర్థము. వేరు తెగిన చెట్టు నిలువదని పసిపిల్లవాడును చెప్పగలడు. అట్టి వేళ్లనే కొన్ని యేండ్లకొకమారు కత్తిరించుచు, ఆ కత్తిరింపువలననే చెట్టును వందల సంవత్సరములు బ్రదికించు విద్య యొకటి చైనాలో మొలకెత్తి జపానులో మ్రానైనది. దానిని జపానువారు బోన్సాయి యందురు. “బోన్” అనగా పళ్లెమువంటి తొట్టి. “సాయి” అనగా నాటుట. ఈ విద్యయొక్క చరిత్రను, ముఖ్యముగా అందులో కంటికి కనబడని భాగమైన వేళ్ల చరిత్రను, నాకు తెలిసినంతవరకు మనవి చేసెదను.

పట్టణములలోని తమ మనుమల యిండ్లకు పోయి వచ్చిన మన గ్రామస్థులు కొందరు చారెడు మట్టిలో నిలిచియున్న మఱ్ఱిని జూచి వచ్చి, “పంతులుగారూ, తిండి పెట్టక మాడ్చి, వేళ్లు నరికి, మహావృక్షమును మరుగుజ్జును చేసినారండీ, ఎంత పాపము!” అని నాతో ననుట కలదు. ఈ మాటలో సగమే నిజము. వేళ్లు కోయుట నిజము. మాడ్చుట నిజము కాదు. మాడ్చిన ప్రాణి కొన్నినాళ్లు బ్రదికినను బ్రదుకును గాని నాలుగు వందల యేండ్లు బ్రదుకునా? అమెరికా రాజధానియైన వాషింగ్టను నగరమున 1625వ సంవత్సరము మొదలు తొట్టిలో పెంచబడుచు వచ్చిన పైను చెట్టొకటి నేటికిని పచ్చగా నున్నది. మన నిఘంటువులు సరళమని చెప్పు వృక్షజాతి యిదియే. ఆ 1625లో మన దేశమున జహంగీరు పాదుషా యేలుచుండెను. ఔరంగజేబు యింకను ఏడేండ్ల బాలుడు. ఆ చెట్టు కథ చాల చిత్రమైనది. దానిని కడపట చెప్పెదను.

ఈ విద్యకు మొదటి సాక్ష్యము పుస్తకములలో కాక గోడమీద దొరకినది. చైనాలో తాంగు వంశపు రాజకుమారుడైన లీ షియెన్ అనువాని సమాధిని 706వ సంవత్సరమున కట్టిరి. దానిని 1971-72 సంవత్సరములలో త్రవ్వి చూడగా గోడలమీద చిత్రములు కనబడినవి. అందొకచోట పరిచారకులు చేతులలో పళ్లెములు పట్టుకొని నడచుచున్నారు. ఆ పళ్లెములలో చిన్న రాళ్లు, చిన్న మొక్కలు అమర్చబడియున్నవి. పండ్లపళ్లెమును తెచ్చినట్లే ప్రభువునకు తోటను పళ్లెములో పెట్టి తెచ్చుచున్నారన్నమాట. మన ప్రాంతమున నప్పుడు తూర్పు చాళుక్యులు వేంగిని పాలించుచుండిరి.

ఈ వేడుక బౌద్ధ భిక్షువులవెంట సముద్రము దాటి జపానునకు పోయెను. 1309వ సంవత్సరపు కసుగా దేవాలయ మహిమలను జూపు చుట్టచిత్రములలో, ఒక భాగ్యవంతుని యింటి ముంగిట బల్లపై నునిచిన తొట్టిలో చిన్న చెట్లు రాళ్లనడుమ కనబడును. ఆ శతాబ్దముననే కోకన్ షిరెన్ అను పండిత భిక్షువు పళ్లెములోని కొండకోనలను గూర్చి యొక రచన చేసెను. ఇవి దొరలయిండ్ల సంగతులు, మఠముల సంగతులు. సామాన్యజనుల నోట ఈ చెట్లను నిలిపినది మాత్రమొక నాటకము. దాని పేరు “హాచినోకి”, అనగా తొట్టిలోని చెట్లు.

కథ యిది. హోజో తొకియోరి యనువాడు పదుమూడవ శతాబ్దమున జపానును నిజముగా నేలిన మంత్రి. అతడు పదవి విడచి, సన్యాసివేషమున దేశము తిరుగుచుండెనని లోకులు చెప్పుకొనిరి. నాటకములో, మంచు కురియు నొక రాత్రి అతడు సానో యను పల్లెలో నొక పేద యింటి తలుపు తట్టును. ఆ గృహస్థు త్సునెయో యను యోధుడు. బంధువులు భూములపహరింపగా దరిద్రుడై యుండెను. ఇంట కొఱ్ఱన్నము దప్ప మరేమియు లేదు. రాత్రి ముదిరెను, చలి ముదిరెను, పొయ్యిలో కట్టె లేదు. మంచి దినములలో అతడు ప్రీతితో పెంచిన తొట్టిచెట్లు మూడు మాత్రము మిగిలియున్నవి: ఒక ప్లము, ఒక చెఱ్ఱీ, ఒక పైను. అతిథికి చలి తీర్చుటకై మూడింటిని నరికి మంటలో వేసెను. తరువాత తొకియోరి సేనలను పిలిపించినప్పుడు ఈ యోధుడు తుప్పుపట్టిన కవచముతో, బక్కగుఱ్ఱముతో వచ్చి నిలిచెను. ప్రభువు వానిని గుర్తించి, కోల్పోయిన భూములను మరల నిప్పించి, కాల్చిన చెట్లకు బదులుగా ఆ మూడు చెట్ల పేళ్లుగల మూడు గ్రామములను గూడ నొసగెను.

మన భారత శాంతిపర్వమునందలి కపోతముకథ మీకు జ్ఞప్తికి వచ్చియుండును. చలికి వణకు బోయకు నిప్పు తెచ్చి, తానే యాహారమై యగ్నిలో దూకిన పావురమునకును ఈ యోధునకును చుట్టరికమున్నట్లు నాకు తోచును. ఒక్క మాట విన్నవించెదను. ఆ చెట్లు వట్టి యలంకారములైనచో ఈ కథలో పసయే యుండదు. ఏటేట చేయిపెట్టి పెంచనిదే నిలువని ప్రాణులు కనుకనే వానిని కాల్చుట త్యాగమైనది.

ఇంతవరకు చిత్రములు, నాటకము చూచితిమి. వీనిలో నెక్కడను తొట్టి లోపల జరుగునది కనబడదు. చిత్రకారుడు కొమ్మలను వ్రాసెను గాని వేళ్లను వ్రాయలేదు. కాని చెట్టు జీవన్మరణములు తేలునది అచ్చటనే.

పొలమున చెట్టు తల్లివేరును నేలలోనికి దింపి, ప్రక్కవేళ్లను నలుదెసల పరపును. ఇందులో లావుపాటి వేళ్ల పని కాండమును నిలువబెట్టుట, సారమును పైకి మోయుట. నీటిని పీల్చు పని యంతయు కొనలయందుండు వెండ్రుకలవంటి పిల్లవేళ్లది. తొట్టిలో నాటిన చెట్టు వేళ్లు గోడ తగులువరకు పోయి, అచ్చట దారి లేక చుట్టుకొనసాగును. కొన్నియేండ్లకు తొట్టిలో మట్టి తక్కువ, వేళ్లు ఎక్కువ యగును. గడ్డివామినుండి లాగిన వెంటివలె అన్నియు పెనవైచుకొనును. ఉన్న మట్టియు నీటిపోతకు నలిగి మెత్తనై బిగిసిపోవును. పోసిన నీరు పైననే నిలిచి లోనికి దిగదు. దిగినది బయటికి పోదు. వేళ్లకును గాలి కావలెనని మనము తరచుగా మరచిపోదుము. ఊపిరాడని వేళ్లు కుళ్లును. మొదట కొమ్మకొన లెండును. పిదప ఒకప్రక్క యంతయు నెండును. చూచువారు నీరు చాలలేదని మరింత నీరు పోయుదురు. దానితో పని ముగియును.

కనుక తొట్టిలోని చెట్టునకు వేరుకోత శిక్ష కాదు. అది మానినప్పుడే చావు. తోటవాడు చెట్టును తొట్టినుండి పైకెత్తి, చాపవలె నల్లుకొన్న వేళ్లను కొక్కెముతోను వెదురుపుల్లతోను మెల్లగా విప్పి, చిక్కుజుట్టు దువ్వినట్లు దువ్వును. అడుగున క్రిందికి దిగు లావువేళ్లను, అంచున చుట్టుకొన్న వానిని కోయును. సామాన్యముగా మొత్తములో మూడవపాలు పోవును. కోసినచోట కొన్ని వారములకు క్రొత్త పిల్లవేళ్లు గుత్తులుగా పుట్టును. దూరమున నున్న నోరు కాండము చెంతకు వచ్చినదన్నమాట. చెట్టు మరల పడుచుదగును. తొట్టి చిన్నదగుటచేతను, కొమ్మకొనలు గిల్లుచుండుటచేతను ఆకారము చిన్నదిగా నుండును గాని ఆకలిచేత కాదు. దానికి ఎరువు వేయుదురు, వేసవిలో దినమునకు రెండుమారులైనను నీరు పోయుదురు.

వరి పండించువారికి ఈ రహస్యము క్రొత్తది కాదు. నారుమడిలో నారు పీకునప్పుడు వేళ్లెన్ని తెగును! కట్టలు కట్టి విసరి, ఊడ్పుమడిలో నాటిన మొదటి నాలుగు దినములు పైరు పసుపువారి తలవాల్చును. పిమ్మట క్రొత్త వేళ్లు పట్టి మూన తిరుగును, పిలకలు వేయును. నారుమడిలోనే వదలిన వరి యేమగునో మీకు తెలియును. ఇచ్చట మనము పాపమని యనుకొనము. రైతు చేసిన వ్యవసాయమనుచున్నాము, జపాను తోటవాడు చేసిన హింసయనుచున్నాము. నాకిది సరిగా తోచదు.

ఇక ఋతువు. ఆకు రాల్చు చెట్లకు శీతకాలము గడచి, మొగ్గ యుబ్బి ఇంకను విచ్చకముందు, అనగా వసంత విషువము దగ్గర, ఈ పని చేయుదురు. అప్పుడు చెట్టులో నిలువచేసిన సారము వేళ్లకును చిగుళ్లకును సిద్ధముగా నుండును. ఆకులు లేవు గనుక నీటికై గుంజులాట లేదు. లేత చెట్లకు ఏటికో రెండేండ్లకో యొకమారు, ప్రాయము వచ్చిన పైను చెట్లకు మూడు నుండి ఐదేండ్లకొకమారు, ముదుసలి చెట్లకు ఇంకను ఆలస్యముగా చేయుదురు. పైను చెట్టు వేళ్లయందు తెల్లని బూజువంటి దొకటి కనబడును. అది తెగులు కాదు, చెట్టునకు నీరు సారము అందించు చెలికాడు. కావున పైనుకు పాతమట్టి యంతయు కడిగివేయరు. మన మఱ్ఱి, రావి, జువ్వి జాతులకు ఆ పంచాంగము చెల్లదు. వీనికి వెచ్చదనము, గాలిలో తడి రెండును కావలెను గనుక ఎండ తీవ్రత తగ్గి తొలకరి పడిన పిమ్మట చేయుట మేలు.

తొట్టిలో మరల నిలుపునప్పుడు మామూలు బంకమన్ను పనికిరాదు. తొట్టి ఎంత లోతు తక్కువయో నీరు అడుగున అంత నిలుచును. పూర్వము తొట్లు లోతుగా నుండెడివి. తరువాత పళ్లెములవంటివి వాడుకలోనికి వచ్చినవి. దానితో వేళ్లను బల్లపరుపుగా తీర్చుట, గులకవలె జల్లెడపట్టిన మట్టిని వాడుట తప్పనిసరియైనది. టోకియో చుట్టునున్న కాంతో మైదానమున అగ్నిపర్వతముల బూడిద ఏర్పరచిన ఎఱ్ఱమట్టి కలదు. దానిని “అకదామా” యందురు, అనగా ఎఱ్ఱ ఉండలు. జొన్నగింజలంత ఉండలుగా నుండి, నీటిని తనలో పీల్చి నిలుపుకొని, ఎక్కువైన దానిని సందులనుండి విడచును. దుమ్మును జల్లించి పారవేయుదురు. తొట్టి రంధ్రములకు వల పరచి, తీగతో వేరును తొట్టికి కట్టి, మట్టి పోసి, వెదురుపుల్లతో పొడుచుచు సందులు లేకుండ కూరుదురు. చెట్టు కదలినచో లేతవేళ్లు తెగును. ఆ తీగ అందుకే. అడుగునుండి నిర్మలమైన నీరు వచ్చువరకు పోసి, గాలి తగులని నీడలో నుంచుదురు. ఒక మాసమువరకు ఎరువు పెట్టరు. బాలింతకు పథ్యమువంటిది.

ఈ ఘట్టమున మన వరాహమిహిరుని తలపకుండ ఉండలేను. బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున ఆయన ఒకచోటి చెట్టును మరియొకచోట నాటు విధమును చెప్పెను. నేయి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగములు, పాలు, గోమయము కలిపి వేరు మొదలుకొని బోదెవరకు పూసి నాటవలెనట. కొమ్మలు పుట్టని మొక్కలను శిశిరమున, కొమ్మలు గలవానిని హేమంతమున, బలసిన బోదెగలవానిని వర్షాగమమున నాటవలెనట. చెట్టు వయస్సునుబట్టి కాలము మారునని పదునాలుగు శతాబ్దముల క్రింద గుర్తించిన యా దృష్టి ప్రశంసింపదగినది. దీనిని పట్టుకొని బోన్సాయి మన ఋషులే కనిపెట్టిరని సభలలో చెప్పువారున్నారు. వరాహమిహిరుడు చెప్పినది తోటలో చెట్టును బాగుగా పెంచుట, ఇరువది హస్తముల యెడము ఉత్తమమని చెప్పిన వ్యవసాయము. తొట్టిలోని చెట్టుకు ఇరువది హస్తములేల? మనకున్న గొప్ప మనకు చాలును. పొరుగువాని పెరటిచెట్టునకు మన పేరు వ్రాయనక్కరలేదు.

పూర్వము జపానువారు కొండలలో గాలికి, మంచుకు వంగి, రాతిసందుల గిడసబారిన చెట్లను త్రవ్వితెచ్చి తొట్లలో పెట్టుచుండిరి. అట్టివి ఎన్నాళ్లు దొరకును? కొండలు వట్టిపోవును. కావున పొలములలో నాటి పెంచు పద్ధతి బలపడెను. షికోకు దీవిలో తకమత్సు నగరమునకు చేర్చి కినాషి, కొకుబుంజి యను గ్రామప్రాంతములు కలవు. అచ్చటి రైతులు ఇన్నూరేండ్లకు పైగా పైను చెట్లనే పంటగా పండించుచున్నారు. నేల యిసుకపాలు గలది, నీరు నిలువదు. జపానులోని పైను బోన్సాయిలలో అత్యధికభాగము ఆ పొలములనుండి వచ్చినవే. మన కొబ్బరితోటలవలె వరుసలుగా, కాని మోకాలెత్తు చెట్లు. ముప్పది నలుబదియేండ్ల చెట్టు కూడ పొలములో నిలిచియుండి కొనువాని కొఱకు వేచియుండును. తాత నాటినది మనుమడు అమ్ముట అచ్చట వింత కాదు.

ఇట్టి పొలములలో చెట్టును వదలివేసినచో తల్లివేరు లోతునకు దిగి, పిల్లవేళ్లు దూరముగా పోవును. ఆ చెట్టును ఒక్కసారి పెరికి పళ్లెములో పెట్టిన చచ్చును. కనుక లేతనాడే తల్లివేరు కోయుదురు. పెద్ద చెట్టును ఎత్తదలచినచో ఒకటి రెండేండ్లు ముందుగానే కాండము చుట్టు గుండ్రముగా పారతో త్రవ్వి, లావువేళ్లను కోసి, మరల మట్టి కప్పుదురు. కోసినచోట పిల్లవేళ్లు నిండిన పిమ్మట ఎత్తుదురు. ఈ పనిని “నెమవాషి” యందురు. “నె” అనగా వేరు. “మవాషి” యనగా చుట్టు తిరుగుట. విచిత్రమేమన, నేడు జపానువారి కచేరీలలోను వ్యాపారములలోను ఏదైన నిర్ణయము సభకు రాకముందు ఒక్కొక్కరిని చాటుగా కలిసి మెత్తజేయుటకు ఈ మాటనే వాడుచున్నారు. పంచాయతీ కూడుటకు ముందురాత్రి మన పెద్దలు ఇంటింటి యరుగులమీద చేయునది నెమవాషియే. తోటమాలి మాట మంత్రాంగమునకు పేరైనది.

మన దేశమున కొన్ని దశాబ్దములుగా గోదావరి ప్రాంతపు కడియము నర్సరీలు ప్రసిద్ధికెక్కినవి. అచ్చటినుండియు ఇతర నర్సరీలనుండియు తెచ్చు మొక్కలు చాలవరకు నల్లని ప్లాస్టికు సంచులలో పెరిగినవి. సంచిని చీల్చి చూచినచో వేళ్లు చిలుకచుట్టలవలె చుట్టుకొనియుండును. తోటలో నాటుటకైనను, తొట్టిలో పెట్టుటకైనను, ఆ చుట్టను విప్పక, అడ్డువచ్చిన వేరును కోయక నాటినచో, ఏండ్లు గడచిన పిదప ఆ వేరే లావై కాండమును ఉరివలె బిగించును. మామిడి నాటువారికిని ఈ మాట పనికివచ్చును గనుక చెప్పితిని.

ఇక టోకియో సంగతి. ఎదో పట్టణము తొకుగావా వంశమువారి రాజధానియైనప్పుడు మూడవ షోగనైన ఇయెమిత్సు 1623 నుండి 1651 వరకు ఏలెను. అతనికి తొట్టిచెట్లపై మిక్కుటమైన మమకారము. అతనివని చెప్పబడు ఐదాకుల పైను చెట్టొకటి నేటికిని చక్రవర్తి నగరులో నున్నది. వయస్సు ఐదువందల యేండ్లకు పైబడినదని యందురు. ఏలిన వంశము పోయెను, పట్టణము పేరు మారెను, ప్రభుత్వము మారెను. చెట్టు తొట్టి మట్టిని మార్చు పని మాత్రము ఆగలేదు.

1923వ సంవత్సరమున వచ్చిన మహాభూకంపము, దానివెంట చెలరేగిన యగ్ని, టోకియోను నేలమట్టము చేసెను. అచ్చట దంగోజకా ప్రాంతమున నుండిన తోటవారు మిగిలిన చెట్లను బండ్లకెత్తుకొని, మంచినీరు, మంచిగాలి, మంచిమట్టి గల చోటు వెదకుచు ఉత్తరమునకు పోయి ఓమియా సమీపమున 1925లో ఒక గ్రామమును నిర్మించుకొనిరి. ఆ యూరి నాటి నియమములు వినదగినవి. అచ్చట కాపురముండగోరువాడు పదికి తక్కువ కాకుండ బోన్సాయిలు పెంచవలెను. వచ్చినవారు చూచుటకు వాకిలి తెరచియుంచవలెను. మేడ కట్టరాదు. ప్రహరికి బదులు చెట్లకంచెయే వేయవలెను. మేడ నీడ పొరుగువాని చెట్టుమీద పడరాదను ధర్మము ఇందులో నున్నట్లు నేననుకొందును. పది సంవత్సరములలో ముప్పది తోటలదాక వెలసెను. తరువాత మహాయుద్ధము. తిండికే లేనిచోట తొట్టిచెట్టును పెంచుట విలాసమని పలువురు నిందించిరి. పనివారు యుద్ధమునకు పోయిరి. నీరుపోయు చేయి లేక ఎన్నియో చెట్లు చచ్చెను. కియూజో మురాతా యను తోటవాడును మరికొందరును పట్టుదలతో కొన్నిటిని కాపాడిరి. నేడచ్చట తోటలు వేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. మన భాషలో చేతివేళ్లకును చెట్టువేళ్లకును ఒకటే రూపమగుట నాకిచ్చట కలిసివచ్చినది. 2010లో ఆ యూర బోన్సాయి ప్రదర్శనశాలను తెరచిరి.

పడమటి దేశములకు ఈ చెట్లు పోవుటలోను వేరు మట్టియే అడ్డుపడినది. లార్జ్ ఆండర్సను అను నమెరికా రాయబారి 1913లో జపానునుండి తిరిగిపోవుచు యొకొహామాలోని నర్సరీ వర్తకులవద్ద పలు చెట్లను కొని తీసికొనిపోయెను. అందు కొన్నిటి వయస్సు 1737వరకు వెనుకకు పోవును. అతడు 1937లో మరణింపగా అతని భార్య వానిని బోస్టనులోని ఆర్నాల్డు వృక్షవాటికకు ఇచ్చెను. నడుమ 1919లో అమెరికా ప్రభుత్వము వేరుమట్టితో వచ్చు మొక్కలను నిషేధించెను. మట్టిలో పురుగులు, తెగుళ్లు వచ్చునని భయము. ఆ భయము నిరాధారమైనది కాదు. ఫలితముగా మట్టి యంతయు కడిగి, పుల్లవలె చేసిననే గాని చెట్టు తీరము చేరరాదు. ముదుసలి పైనుకు అట్టి స్నానము మరణశాసనము. వర్తకము చాలవరకు కట్టువడెను.

1976లో అమెరికా స్వాతంత్ర్యమునకు రెండువందల యేండ్లు నిండిన సందర్భమున జపానువారు ఏబదిమూడు బోన్సాయిలను కానుక నిచ్చిరి. ప్రభుత్వ కానుకలైనను నియమము తప్పలేదు. వానిని ముందుగానే తెప్పించి, వేరుగా నుంచి, తెగుళ్లు లేవని చూచిన పిమ్మటనే వాషింగ్టనులోని జాతీయ వృక్షవాటికలో ప్రదర్శించిరి. అందొకటి నేను మొదట చెప్పిన 1625 నాటి పైను. ఇచ్చినవాడు హిరోషిమా నగరవాసి, మసారు యమాకి యను తోటవాడు. పలకపై ఇంతే వ్రాసిరి. పాతిక సంవత్సరములు ఆ చెట్టును చూచినవారు వృద్ధవృక్షమని మెచ్చుకొని పోయిరి.

2001లో జపానునుండి యువకులిరువురు వచ్చి తమ తాతగారి చెట్టును చూడవలెనని యడిగిరి. అప్పుడుగాని సంగతి బయలుపడలేదు. 1945 ఆగష్టు 6వ తేదీ ఉదయమున అణ్వస్త్రము పేలినచోటికి యమాకిగారి యిల్లు సుమారు రెండు మైళ్ల దూరము. కిటికీ యద్దములు పగిలి ఇంటివారి యొడళ్లు గాయపడినవి. తోటకు చుట్టు గోడ యుండెను. దాని చాటున తొట్టిలో నిలిచిన ఈ చెట్టు బ్రదికెను. తనకు అంతటి కీడు చేసిన దేశమునకే ఆయన దానిని కానుకగా పంపెను. పంపునప్పుడు ఈ కథను చాటుకొననూ లేదు. అడుగునప్పుడు చెప్పుటకు ఆయన అప్పటికి లేడు.

ఆ బాంబు పడిన యేట, ఆ మరుసటి యేట, తినుటకు లేని ఆ యూరిలో ఎవరో ఆ చెట్టుకు నీరు పోసియుండవలెను. అటుపిమ్మట ఎవరో తొట్టినుండి ఎత్తి, వేళ్లు విప్పి, కోసి, క్రొత్తమట్టిలో కూర్చియుండవలెను. 1625 మొదలు అట్లు చేసిన చేతులెన్నియో! వారి పేళ్లలో ఒక్క యమాకి వంశపు పేరు దప్ప మరేదియు మనకు దొరకదు. నేడా పనిని వాషింగ్టనులోని తోటవారు చేయుచున్నారు. వారి తాతలు ఆ నగరముపై బాంబు వేసిన దేశపువారు. వసంతమున మొగ్గ యుబ్బుటను కనిపెట్టియుండి, చెట్టు వంతు వచ్చిన యేట దానిని ఎత్తి, తెల్లబూజు పట్టిన పాతమట్టిని కొంత నిలిపి, కొంత రాల్చి, వెదురుపుల్ల చేతబట్టుకొందురు.